ఇంటికో దీపం, పనికో దీపం

తాండూరు, బషీరాబాద్ వైపు పాత ఇళ్ల గోడలకు భుజమెత్తున ఒక చిన్న గూడు కనిపిస్తుంది. జానెడు వెడల్పు, పైన కమాను వంపు, లోపల ఎన్నిసార్లు సున్నం కొట్టినా వదలని మసి. దిగూడు అంటారు దీన్ని. కరెంటు రాకముందు పొద్దుగూకగానే ఇంట్లో మొదట వెలిగేది ఇక్కడే. మట్టి ప్రమిద, పత్తి వత్తి, రెండు చెంచాల ఆముదం. వంటయ్యేదాకా, అందరి భోజనాలయ్యేదాకా ఆ వెలుగే. గూట్లో దీపం, నోట్లో ముద్ద అన్న సామెత ఆ కాలపు లెక్కను ఉన్నదున్నట్టు చెబుతుంది: నూనె ఖరీదైనది, దీపం ఉండగానే తినేయాలి.

ఇవాళ కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు హాల్లోకి ఒక స్టాండు లైటు కొందామనుకుంటే దుకాణంలో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి మెడ వంచి పుస్తకం మీదో, కుట్టుపని మీదో వెలుగు పడేలా పెట్టుకునేది. ఇంకొకటి గుడ్డ షేడుతోనో, వెలుగును పైకప్పు మీదికి విసిరే గిన్నెతోనో గదంతా మెత్తగా పరుచుకునేది. ఏది కొనాలన్నది కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఈ ప్రాంతపు ఇళ్లు దీనికి ఎప్పుడో జవాబు చెప్పుకున్నాయి. ఇంటి దీపం వేరు, పని దీపం వేరు. వాటిని ఒకటిగా కలిపేసింది కరెంటు బుగ్గ. అలా కలపడం వల్ల పోయిందేమిటో తెలియాలంటే ఆముదం దగ్గర మొదలుపెట్టాలి.

ఆముదం చిక్కటి నూనె. వత్తి దాన్ని ఎత్తుకు లాగలేదు. అందుకే ప్రమిదకు లోతు తక్కువ, నోరు వెడల్పు. వత్తి నూనెలోనే పడుకుని అంచు దగ్గర మాత్రం తల ఎత్తుతుంది. నూనె నెమ్మదిగా తరుగుతుంది, పొగ తక్కువ. నీటి వసతి లేని మెట్ట చెలకల్లో కూడా ఆముదం చెట్టు నిలబడుతుంది కాబట్టి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ పంట విరివిగా సాగేది. హైదరాబాద్ సంస్థానం ఆముదాల సాగులో దేశంలోనే ముందు వరసలో ఉండేది. తొలినాళ్ల రైల్వేలు కూడా దీపాలకూ, యంత్రాల కందెనకూ ఆముదాన్నే నమ్ముకున్నాయి.

కానీ ఒక ప్రమిద ఇచ్చే వెలుగు ఎంత? బాగా మండితే ఒక కొవ్వొత్తి పాటి. కొవ్వొత్తి వెలుగు సుమారు 12 ల్యూమెన్లు. ఇప్పటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 800కు పైనే ఇస్తుంది. అంత కొద్ది వెలుగుతో ఇల్లంతా నడవాలంటే దాన్ని పెట్టే చోటులోనే తెలివి ఉండాలి. దిగూడులో ఆ తెలివి ఉంది. మూడు వైపులా గోడ ఉంటుంది కాబట్టి గాలికి మంట రెపరెపలాడదు. వెనక్కి పోయే వెలుగును సున్నం కొట్టిన గోడ మళ్లీ గదిలోకే తోస్తుంది. భుజమెత్తున ఉంటుంది గనక నేల మీద కూర్చున్నవాళ్ల కళ్లలో మంట నేరుగా పడదు, పాకే పిల్లలకు అందదు. తాండూరు నేల కింద ఉన్నదంతా సున్నపురాయి. దేశమంతా పేరున్న నీలి, పసుపు నాపరాళ్లు ఆ పొరల్లోంచి వచ్చినవే. బండ పరిచిన నేల వెలుగును మింగేస్తుంది, సున్నం పూసిన గోడ తిరిగి ఇస్తుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవకుండానే తెలుసుకున్న తాపీవాళ్ల గురించి మనం రాసుకోవాల్సింది చాలా ఉంది.

ఇది ఇంటి దీపం. మరి పని దీపం?

లెక్క రాసే పట్వారీకి, చిట్టా తిరగేసే కోమటికి, రాత్రిపూట పుస్తకం పట్టే పంతులుకు గూటి దీపం చాలదు. అక్కడికి వచ్చేది సెమ్మె. తెలంగాణ పల్లెల్లో శమె అని కూడా అంటారు. ఇత్తడితోనో కంచుతోనో చేసిన నిలువు కాడ, కింద బరువైన పీట, పైన నాలుగైదు ముక్కులున్న గిన్నె. ఎత్తు రెండు మూడు అడుగులు. మన ఇళ్లలో నేల మీద నిలబెట్టిన తొలి స్టాండు లైటు ఇదే. దాని ఎత్తును గమనించాలి. మనుషులు నేల మీద చాపేసుకుని కూర్చునే ఇంట్లో కూర్చున్నవాడి కళ్లు నేలకు రెండున్నర అడుగుల ఎత్తున ఉంటాయి. మంట ఇంచుమించు అదే ఎత్తున, పక్కన, చేతికందే దూరంలో. వత్తుల సంఖ్యతో వెలుగును పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మామూలు రోజుల్లో ఒక వత్తి, పత్రాలు చూడాల్సి వస్తే రెండు, పండగకు అన్ని ముక్కుల్లోనూ. చదవడం అయిపోగానే దాన్ని మూలకు జరిపితే అదే ఇంటి దీపం. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి పనివాళ్లు ఇప్పటికీ దీపస్తంభాలు చేస్తున్నారు. వాటిని ఇప్పుడు ఎక్కువగా సభల్లో జ్యోతి వెలిగించడానికే కొంటున్నారు.

రాత్రంతా వెలిగే దీపం మాత్రం గుడికే సాధ్యమయ్యేది. దాని ఖరీదు శాసనాల్లో ఉంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో అఖండ దీపాల కోసం దానాలిచ్చినవాళ్ల శాసనాలు ఎన్నో కనిపిస్తాయి. దాత ఎక్కువగా డబ్బు కాదు, మంద ఇస్తాడు. ఒక్కో దీపానికి తరచుగా 50 గొర్రెల ప్రాంతం, లేదా కొన్ని ఆవులు. ఆ మందను బోయల చేతికి అప్పగిస్తారు. వాళ్లు రోజూ మానెడు నెయ్యి గుడికి కొలవాలి. ఒక్క మంట ఆరకుండా ఉండటానికి ఒక మంద, దాన్ని మేపే ఒక కుటుంబం. వెలుగు ఎంత ఖరీదైన వస్తువో చెప్పడానికి ఇంతకన్నా సూటి లెక్క మరొకటి దొరకదు.

వెలుగుకు ఇంకో ఖరీదు కూడా ఉంది. అది శాసనాలకు ఎక్కలేదు. దొర రాత్రిపూట కదిలినా, ఊరేగింపు సాగినా, వీధి ఆట ఆడినా ముందు దివిటీ నడవాలి. దివిటీకి స్టాండు లేదు. దాన్ని పట్టుకునే మనిషే స్టాండు. ఒక చేతిలో గుడ్డ పేలికలు చుట్టిన కర్ర, మరో చేతిలో నూనె కుప్పె, మండుతున్నంతసేపూ కొద్దికొద్దిగా నూనె పోస్తూ ఉండాలి. తెలంగాణ పల్లెల్లో ఈ పని చాకలి కుటుంబాల వంతు. వెట్టి రోజుల్లో దానికి కూలి లేదు. నడిచే వెలుగు అంతా ఎవరో ఒకరి భుజాల మీద నడిచిందన్న మాట దీపాల చరిత్ర రాసేటప్పుడు తప్పకుండా రాయాలి. సెమ్మె సంపన్నుడి ఇంట్లో నిలబడింది, దివిటీ పేదవాడి చేతిలో మండింది.

ఆముదం ఏకఛత్రాధిపత్యం కిరసనాయిలుతో పోయింది. 1853లో ఇగ్నాసీ లుకాసియెవిచ్ అనే మందుల తయారీదారు చేసిన కిరసనాయిలు దీపం లవీవ్ నగరంలోని ఒక ఆస్పత్రిలో వెలిగింది. తర్వాతి ముప్ఫై నలభై ఏళ్లలో అమెరికా నూనె, రష్యా నూనె, ఆ వెనకే బర్మా నూనె డబ్బాల్లో పోటీపడి మన రేవుల్లో దిగాయి. వాడీ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు మార్గం 1874లో తెరిచారు. అది ఇప్పటి బషీరాబాద్ మండలంలోని నవాంద్గి మీదుగా, తాండూరు, వికారాబాద్ దాటి వెళుతుంది. రేవు నుంచి రైలు, రైలు నుంచి బండి. కిరసనాయిలు పల్లెకు చేరడానికి దారి పడింది. తెలంగాణలో దానికి గ్యాస్ నూనె అని పేరు పడింది.

ఈ నూనె పలచన. వత్తి దీన్ని బెత్తెడు ఎత్తుకైనా లాగగలదు. దాంతో దీపం రూపమే మారిపోయింది. నూనె అడుగున మూసిన డబ్బాలో, మంట పైన. గాజు చిమ్నీ గాలిని కిందినుంచి లాగి మంటను నిటారుగా, తెల్లగా నిలబెడుతుంది. పేదింటికి వచ్చింది ఎక్క: రేకు డబ్బా, మూతకు బెజ్జం, అందులో వత్తి, పొగ మెండు. కాస్త కలిగినవాళ్లకు కందిలి. గాలివానకు కూడా ఆరని ఈ లాంతరు మొదట్లో అమెరికా డీట్జ్, ఆ తర్వాత జర్మన్ తయారీలుగా వచ్చేది. మహారాష్ట్రలో కరాడ్ దగ్గరి ఓగలేవాడిలో ఓగలే గ్లాస్ వర్క్స్ చేసిన ప్రభాకర్ కందిళ్లు స్వదేశీ రోజుల్లో పేరు తెచ్చుకున్నాయి. సాయంత్రం కందిలి గ్లాసు తీసి బూడిద, మెత్తటి గుడ్డతో తుడవడం పిల్లల పని. గ్లాసు పగిలితే వీపు పగిలేది.

కందిలిలో ఉన్న గొప్పతనం దాని పిడి. ఒక్క దీపం వంటింట్లోంచి కొట్టంలోకి, కొట్టంలోంచి చదువుకునే పిల్లల మధ్యకు నడిచేది. చుట్టూ కూర్చున్నవాళ్లు పీట మీదో, తిరగేసిన డబ్బా మీదో పెట్టుకునేవాళ్లు. ఎందుకంటే లాంతరు తన నూనె డబ్బా నీడను తన పాదం దగ్గరే పరుస్తుంది, నేల మీద పెడితే పుస్తకం ఆ నీడలో పడుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గ్లాసు శుభ్రంగా ఉన్న కందిలి ఇచ్చే మొత్తం వెలుగు నలభై ల్యూమెన్ల పాటి, 40 వాట్ల కరెంటు బల్బు ఇచ్చేది 400 దాకా. అయినా అడుగున్నర దూరంలో ఉన్న కందిలి పుస్తకం మీద పరిచే వెలుగు, ఎనిమిది అడుగుల పైన వేలాడే ఆ బల్బు నేరుగా పంపే వెలుగుకు తీసిపోదు. మించినా మించుతుంది. కందిలి కింద చదివి పట్టాలు తెచ్చుకున్న తరం గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ల పట్టుదల నిజమే. దీపం పుస్తకానికి దగ్గరగా ఉండటం కూడా అంతే నిజం.

పెళ్లికి, జాతరకు, భాగోతానికి మాత్రం పెట్రోమాక్స్ కావాలి. బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ 1910 ప్రాంతంలో తెచ్చిన దీపం ఇది. పంపు కొట్టి నూనెను ఆవిరి చేసి, దాన్ని మాంటిల్ అనే గుడ్డ తిత్తిలో మండిస్తుంది. ఆ తిత్తికి పట్టించే థోరియం, సీరియం లవణాల మిశ్రమాన్ని ఆస్ట్రియా రసాయనవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891 నాటికి కుదిర్చాడు. గుడ్డ కాలిపోయాక మిగిలే బూడిద గూడే తెల్లగా వెలుగుతుంది. వందల కొవ్వొత్తుల పాటి వెలుగు. అద్దెకు ఇచ్చేవాళ్లు, పంపు కొట్టడం తెలిసినవాళ్లు ప్రతి పెద్ద ఊళ్లో తయారయ్యారు. ఊరేగింపుల్లో దివిటీ పోయి పెట్రోమాక్స్ వచ్చింది గానీ, అది నిలిచింది మళ్లీ కూలివాళ్ల నెత్తి మీదే.

అదే కాలంలో నవాబుల ఇళ్లలో దీపాల కథ వేరు. వికారాబాద్ పేరు ఏ వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చిందో ఆ పైగా వంశపు ప్రభువే హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించాడు. పని 1884లో మొదలైంది. బర్మింగ్‌హామ్‌లోని ఓస్లర్ కంపెనీ గాజు షాండ్లియర్లు అక్కడ వేలాడాయి. చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో బెల్జియం గాజు షాండ్లియర్లు 19. ఆ వెలుగు ఎవరి పనికీ కాదు. హోదా చూపడానికి, దర్బారు మొత్తం తళతళలాడటానికి. గది మధ్య పైకప్పు నుంచి వేలాడే దీపమే గొప్ప దీపం అన్న భావన మన మధ్యతరగతి ఇళ్లకు ఇక్కడి నుంచే దిగిందని ఈ వ్యాసకర్త నమ్మకం. ఇప్పటికీ హాలు అనగానే మధ్యలో ఒక హుక్కు పెట్టించుకుంటాం.

హైదరాబాద్ సంస్థానంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో వచ్చింది. నగరం దాటి తీగలు పల్లెలకు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడ్డాక ఆ పని ఊపందుకుంది, అయినా ఊరికి కరెంటు రావడం వేరు, గుడిసెకు రావడం వేరు. 1988-89లో కేంద్రం మొదలుపెట్టిన కుటీర జ్యోతి పథకం కింద పేదల ఇంటికి ఒకే ఒక్క దీపం కనెక్షన్ ఇచ్చేవారు. 2001 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో దాదాపు మూడో వంతు ఇళ్లకు ఇంకా కరెంటు దీపం లేదు. 2011కు ఆ లోటు పదో వంతు లోపుకు తగ్గింది.

ఒక్క బుగ్గను ఎక్కడ పెట్టాలి? రెండు అర్రల మధ్య గోడకు కంత చేసి అందులో వేలాడదీసినవాళ్లున్నారు, అటూ ఇటూ వెలుగు రావాలని. గడప మీద పెట్టి ఇంట్లోకీ వాకిట్లోకీ సరిపెట్టుకున్నవాళ్లున్నారు. దీన్ని తక్కువ చేయడానికి లేదు. మసి పోయింది, నిప్పు భయం పోయింది, ఆడపిల్ల నూనె కోసం క్యూలో నిలబడే అవస్థ తగ్గింది. కానీ దీపం మనిషిని విడిచి పైకి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగడుగుల ట్యూబ్ లైటు గోడ పైభాగానికి ఎక్కింది. 40 వాట్లకు 2,000 ల్యూమెన్లకు పైనే ఇస్తుంది, ఇల్లంతా ఒకే తీరుగా తెల్లగా మారుతుంది. వంటకూ అదే, చదువుకూ అదే, చుట్టాలతో కబుర్లకూ అదే, పసివాడి నిద్రకూ అదే. ట్యూబ్ లైటుకు వీపు పెట్టి కూర్చుంటే తన నీడ తన పుస్తకం మీదే పడుతుంది. ఆ నీడలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఇళ్లు కట్టుకుంటున్నారు.

పడమటి దేశాలు కూడా కరెంటు తొలినాళ్లలో ఈ గందరగోళంలోనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కారు సస్పెన్షన్లు రూపొందించే జార్జ్ కార్వర్డైన్ 1932లో స్ప్రింగులతో ఎటు తిప్పితే అటు నిలిచే దీపానికి పేటెంట్ తీసుకున్నాడు. అదే యాంగిల్‌పాయిజ్. చిన్న బల్బును పనికి దగ్గరగా తెచ్చుకోవచ్చన్నది దాని సుగుణం. 1952లో అమెరికా లైటింగ్ నిపుణుడు రిచర్డ్ కెల్లీ గది వెలుగును మూడుగా విడదీశాడు: ఒకచోట నిలిచే వెలుగు, అంతటా పరుచుకునే వెలుగు, తళుకు కోసం ఉండే వెలుగు. సెమ్మె, దిగూడు, షాండ్లియర్ మన కళ్ల ముందే ఉన్నా, ఆ విభజనను మనం ఇంటీరియర్ డిజైనర్ల నోట మళ్లీ నేర్చుకుంటున్నాం.

అందుకే స్టాండు లైటు కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఎత్తు, తమ ఇంట్లో ఎలా కూర్చుంటారన్నది. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేలకు సుమారు 40 అంగుళాల ఎత్తున ఉంటాయి. చదువుకునే లైటు షేడు కింది అంచు ఆ ఎత్తునే ఉంటే బల్బు కళ్లలో కొట్టదు, వెలుగు ఒళ్లో పుస్తకం మీద పడుతుంది. దుకాణాల్లో దొరికే అయిదడుగుల స్టాండ్లు చాలావరకు ఈ లెక్కకు సరిపోయేవే. నేల మీద పరుపేసుకుని, చాప మీద కూర్చుని చదివే ఇంట్లో అవి పనికిరావు. అక్కడ షేడు కింది అంచు రెండున్నర అడుగుల ఎత్తున ఉండాలి, అంటే సెమ్మె ఎత్తు. గదంతా పరిచే లైటుకు ఈ నియమం లేదు, అది గోడను నమ్ముకుంటుంది. ముదురు రంగు గోడ పక్కన పెడితే డబ్బు దండగ. లేత గోడ మూలలో, వెలుగు గోడ మీదికీ కప్పు మీదికీ పడేలా పెట్టాలి. ఒకటే కొనగలిగితే పని లైటే కొనడం మంచిది. దాని మెడను గోడ వైపు తిప్పితే రెండో పని కూడా చేస్తుంది. రెండో రకం ఎంత తిప్పినా పుస్తకానికి చాలదు.

గదంతా పరిచే లైటు కావాలనుకునేవాళ్లకు తెలుగు నేల మీదే ఒక చక్కటి జాతి ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు మేక తోలును పలచగా గీకి, ఆరబెట్టి, ఉలితో సన్నటి బెజ్జాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. తెర వెనక ఆముదపు దీపం పెడితే ఆ తోలు గుండా రాముడు, రావణుడు, బంగారక్క వెలిగేవాళ్లు. సినిమా వచ్చి ఆటకు ఊళ్లు తగ్గాక, 20వ శతాబ్దపు రెండో సగంలో, అదే తోలు, అదే ఉలి, అవే రంగులతో దీపాల షేడ్లు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బల్లమీద పెట్టుకునే చిన్న షేడ్ల నుంచి నేల మీద నిలబడే పొడవాటి స్తంభాల దాకా చేస్తారు. పాత ఫిలమెంట్ బల్బు వేడికి తోలు ముడుచుకునేది, రంగు మాడేది. ఎల్ఈడీ వచ్చాక ఆ భయం చాలావరకు తీరింది. 2,700 కెల్విన్ల పసుపు వెలుగు ఎల్ఈడీ, 5 నుంచి 9 వాట్లు చాలు. తెల్లటి 6,500 కెల్విన్లది పెడితే ఎరుపు, గోధుమ రంగులు చచ్చిపోతాయి. తడి గుడ్డతో తుడవకూడదు, పొడి గుడ్డ చాలు. తాండూరు నుంచి రైలెక్కి వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లో హస్తకళల ప్రదర్శనల్లో ఇవి దొరుకుతాయి, ఆంధ్రప్రదేశ్‌లోనైతే లేపాక్షి ఎంపోరియంలలో అడగవచ్చు. వీలుంటే నిమ్మలకుంటకే వెళ్లి, తమ గది ఎత్తు చెప్పి, కావాల్సిన బొమ్మ చెప్పి చేయించుకోవడం ఇంకా మేలు. డబ్బు నేరుగా ఉలి పట్టిన చేతికి అందుతుంది.